పక్క సీటు ఖాళీయేనా?

2015లో ఇదే సంచికలో "తీరం వెంట ఒంటరిగా" అని నేను రాసిన వ్యాసం కొందరికైనా గుర్తుండే ఉంటుంది. అంతకు ముందు ఏడు సెప్టెంబరులో ఒక కాంపర్‌వ్యాన్ అద్దెకి తీసుకుని, ఒరెగాన్‌లోని ఆస్టోరియా నుంచి కాలిఫోర్నియాలోని మాంటెరే దాకా పసిఫిక్ తీరం వెంబడి పదకొండు రాత్రులు చేసిన ప్రయాణం అది. ఆ సంవత్సరం సభలో కాఫీల దగ్గర చాలామంది నన్ను ఆపి మరీ మెచ్చుకున్నారు. "అన్ని రోజులు ఒక్కరూ ఎలా ఉన్నారండీ, భయం వెయ్యలేదూ?" అని అడిగారు. నేను నవ్వి ఊరుకున్నాను. పక్కనే మా ఆవిడ కాగితం పళ్ళెంలో మైసూర్‌పాకు పట్టుకుని నిలబడి ఉంది. ఆవిడా నవ్వి ఊరుకుంది.

ఇప్పుడు నేను రాయబోయేది జాన్ స్టైన్‌బెక్ రాసిన "ట్రావెల్స్ విత్ చార్లీ" గురించి. కానీ ఆ పుస్తకాన్ని నేనివాళ చదివే తీరుకీ, కాఫీల దగ్గర మేమిద్దరం నవ్విన ఆ నవ్వుకీ సంబంధం ఉంది. ఆ సంగతి చెప్పకుండా విమర్శ రాస్తే ఇంకోసారి అదే తప్పు చేసినవాణ్ణవుతాను. అందుకని రెండూ కలిపే చెబుతాను.

కాంపర్ వేసుకుని దేశం చూడడానికి బయల్దేరే ప్రతివాడూ, ఆ పుస్తకం చదివినా చదవకపోయినా, స్టైన్‌బెక్ వేసిన దారిలోనే పోతాడు. 1960లో ఆయనకి 58 ఏళ్ళు. అంతకు ముందు శీతాకాలంలో ఆరోగ్యం దెబ్బతింది. అమెరికా గురించి రాసే రచయితనై ఉండి పాతికేళ్ళుగా ఈ దేశాన్ని దగ్గరగా చూడలేదే, జ్ఞాపకాల మీదే బండి నడుపుతున్నానే అన్న బెంగ పట్టుకుంది. జీఎంసీ పికప్ ట్రక్కు మీద ఒక చిన్న ఇల్లు కట్టించుకుని, దానికి డాన్ కిహోటే గుర్రం పేరు రోసినాంటే అని పెట్టుకుని, చార్లీ అనే పూడుల్ కుక్కని ఎక్కించుకుని, సెప్టెంబరు 23న న్యూయార్క్ రాష్ట్రంలోని సాగ్ హార్బర్ నుంచి బయల్దేరాడు. అప్పటికి కొద్ది రోజుల క్రితమే డొనా తుఫాను అక్కడ విరుచుకుపడి పోయింది. మెయిన్ రాష్ట్రం దాకా పైకెక్కి, అక్కడినుంచి పడమరకి తిరిగి, సియాటిల్ దగ్గర పసిఫిక్ చేరి, తీరం వెంట కిందకి దిగి, పుట్టిన ఊరు సలీనాస్ చూసి, టెక్సాస్, న్యూ ఆర్లీన్స్ మీదుగా ఇల్లు చేరాడు. సుమారు పదివేల మైళ్ళు, పదకొండు వారాలు. పుస్తకం 1962 వేసవిలో వచ్చింది. ఆ అక్టోబరులో కథేతర రచనల బెస్ట్‌సెల్లర్ జాబితాలో మొదటి స్థానానికి చేరింది. అదే నెలలో ఆయనకి నోబెల్ బహుమతి ప్రకటించారు.

కథేతర రచన అన్న మాట గుర్తుపెట్టుకోండి. దాని దగ్గరికే వస్తున్నాను.

నేనీ పుస్తకం మొదటిసారి చదివింది అమెరికా వచ్చిన కొత్తలో, పబ్లిక్ లైబ్రరీ పాత పుస్తకాల అమ్మకంలో పావలాకి కొనుక్కుని. అప్పుడు నన్ను పట్టేసినవి ఆ ట్రక్కులోని సంసారం తాలూకు వివరాలు. మూత ఉన్న ప్లాస్టిక్ బకెట్లో బట్టలు, సబ్బు, నీళ్ళు వేసి, దాన్ని సాగే తాడుతో బీరువాలో వేలాడగట్టి, రోడ్డు కుదుపులకే బట్టలు ఉతికించుకుంటాడు. మెయిన్‌లో బంగాళాదుంపలు తవ్వడానికి కెనడా నుంచి వచ్చిన ఫ్రెంచి కుటుంబాన్ని ట్రక్కులోకి పిలిచి బ్రాందీ పోస్తాడు. అప్పట్లో అపార్ట్‌మెంట్, ఆఫీసు, ఇండియన్ కొట్టు తప్ప నాలుగోది ఎరగని నాకు, దేశం అంటే ఇలా మనుషుల్ని పిలిచి కూచోబెట్టుకుని తెలుసుకునేదా అనిపించింది. ఏనాటికైనా ఇలా ఒక్కణ్ణీ వెళ్ళాలనుకున్నాను. ఆ ముచ్చట తీరేసరికి ఇరవై ఏళ్ళు పట్టింది.

నేను వ్యాన్ ఎక్కేనాటికే ఆ పుస్తకం పునాది కదిలిపోయింది. నాకే తెలియదు. బిల్ స్టైగర్‌వాల్డ్ అనే పాత్రికేయుడు 2010లో స్టైన్‌బెక్ దారినే మళ్ళీ నడిచాడు. నిందించాలని బయల్దేరినవాడు కాదు. యాభై ఏళ్ళలో దేశం ఎంత మారిందో చూద్దామనుకున్నాడు. తీరా తేదీలు, ఉత్తరాలు, ఊళ్ళ మధ్య దూరాలు పక్కపక్కన పెట్టి చూస్తే లెక్క కుదరలేదు. ఉదాహరణకి, నార్త్ డకోటాలో అలిస్ అనే ఊరి దగ్గర మకాం వేసినప్పుడు దేశదిమ్మరి షేక్‌స్పియర్ నటుడొకడు తారసపడ్డాడని పుస్తకంలో ఒక మంచి ఘట్టం ఉంది. ఆ రాత్రికి స్టైన్‌బెక్ అక్కడికి దాదాపు మూడు వందల మైళ్ళు పడమరన, బీచ్ అనే ఊళ్ళో మోటెల్లో ఉన్నాడు. అక్కణ్ణించి భార్యకి ఉత్తరం కూడా రాశాడు. నక్షత్రాల కింద ఒంటరిగా పడుకున్నట్టు రాసిన రాత్రుల్లో చాలా భాగం మోటెళ్ళలో, హోటళ్ళలో, స్నేహితుల ఇళ్ళలో గడిచాయనీ, ట్రక్కులో ఒక్కడూ పడుకున్న రాత్రులు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చనీ స్టైగర్‌వాల్డ్ తేల్చాడు. 2011లో ఈ సంగతులు పత్రికలకెక్కాయి. 2012లో వచ్చిన యాభయ్యో వార్షికోత్సవ ముద్రణకి ముందుమాటలో జే పరీనీ, దీన్ని అక్షరాలా జరిగినదిగా తీసుకోకూడదనీ, స్టైన్‌బెక్ స్వతహాగా నవలాకారుడనీ రాయవలసి వచ్చింది. అంతకు ముందే, 2001లో అచ్చయిన స్టైన్‌బెక్ చిన్న కొడుకు జ్ఞాపకాల్లో ఇంకా మొరటుగా, మా నాన్న ఆ మనుషులెవరితోనూ మాట్లాడి ఉండడు, ట్రక్కులో కూచుని రాసుకుని ఉంటాడు అన్న అర్థం వచ్చే మాట ఉంది.

వీటన్నిటిలోకీ నన్ను ఎక్కువ కలవరపెట్టింది పసిఫిక్ తీరం భాగం. సియాటిల్ నుంచి కాలిఫోర్నియా దాకా ఆయన పక్కన భార్య ఎలెయిన్ ఉంది. ఆవిడ విమానంలో సియాటిల్ వచ్చి కలిసింది. తీరం వెంట ఇద్దరూ కలిసి దిగారు. చేతిరాత ప్రతి న్యూయార్క్‌లోని మోర్గన్ లైబ్రరీలో ఉంది. ఆ తొలి ప్రతిలో పడమటి తీరం మీద ఎలెయిన్ ఉంది. అచ్చు పుస్తకంలో లేదు. షికాగోలో వచ్చి కలిసిన ఎలెయిన్ ఉంది, టెక్సాస్‌లో ఎలెయిన్ ఉంది, తీరం మీద మాత్రం ఒక మనిషి, ఒక కుక్క, ఒక ట్రక్కు.

ఇది తెలిశాక పుస్తకం మళ్ళీ తీశాను. అనుమానంతో చదివితే అన్నీ అనుమానంగానే కనిపిస్తాయి, ఒప్పుకుంటాను. అయినా నాకు కనిపించింది చెబుతాను. మొదటి మూడో వంతులో ట్రక్కులో స్టవ్వు వెలుగుతూ ఉంటుంది, కాఫీ మరుగుతూ ఉంటుంది, రాత్రి చలికి మనిషి వణుకుతాడు, కుక్క నిద్ర లేపుతుంది. తీరం దగ్గరకొచ్చేసరికి ఈ సంసారం పల్చబడిపోతుంది. ఒరెగాన్‌లో ఆదివారం నాడు వానలో టైరు పేలిన ఘట్టం ఒకటి ఉంది, అది బాగానే ఉంటుంది. తర్వాత రెడ్‌వుడ్ చెట్లు, వాటి కింద కాలు ఎత్తడానికి మనసు పోని చార్లీ. ఆ తర్వాత సలీనాస్ లోయ, ఫ్రీమాంట్ శిఖరం, చిన్ననాటి జ్ఞాపకాలు. అంతా ఆలోచనలు, వీడ్కోళ్ళు. రోజు ఎలా గడిచిందో, సాయంత్రం ఏం తిన్నాడో తెలియదు. తెలియదంటే ఆశ్చర్యమేముంది? చెబితే రెండో కంచం సంగతి కూడా చెప్పాలి.

రచయిత ఒక మనిషిని తీసేస్తే ఆ మనిషొక్కరే పోరు. ఆ మనిషితో పంచుకున్న అన్నం, తగాదా, దారి తప్పినప్పుడు ఎవరు మ్యాపు చూశారన్న సంగతి, అన్నీ పోతాయి. మిగిలేవి చెట్లు, సముద్రం, తత్త్వం. తీరప్రయాణాల రచనల్లో సముద్రం గురించి అంత తత్త్వం ఎందుకుంటుందో నాకిప్పుడు కొంత అర్థమవుతోంది.

స్టైన్‌బెక్ తరఫున కూడా ఒక మాట చెప్పాలి. యాత్రా రచనలో "ఒంటరి" అన్నది మనిషి స్థితి మాత్రమే కాదు, అది పాఠకుడికిచ్చే ఆహ్వానం. పక్క సీటు ఖాళీగా ఉంటేనే పాఠకుడు ఎక్కి కూచుంటాడు. ఆ సీట్లో భార్య కూచుని ఉంటే, వాళ్ళిద్దరి మాటల మధ్య మనకి చోటు ఉండదు, మనం వెనక సీటు పిల్లలమైపోతాం. రచయిత తన మనుషుల్ని దింపేసి మనకోసం చోటు చేస్తాడు. ఇది మోసం అనే ముందు ఆ చోటులో మనమెంత హాయిగా కూచున్నామో గుర్తుచేసుకోవాలి. పావలాకి కొన్న ఆ పుస్తకంలో పక్క సీట్లో కూచున్నవాణ్ణి నేనే. చార్లీని అక్కడ ఉండనిచ్చిన కారణం కూడా అదే అనుకుంటాను. కుక్క వెనక్కి జరిగి చోటిస్తుంది.

ఇంకా తమాషా ఏమిటంటే, ఆ బండికి పెట్టిన పేరులోనే గుట్టు ఉంది. రోసినాంటే ఎక్కినవాడు ఒంటరివాడు కాదు. పక్కనే గాడిద మీద సాంకో పాంజా ఎప్పుడూ ఉన్నాడు, అన్నం సంగతి, నిద్ర సంగతి, దెబ్బల సంగతి గుర్తుచేస్తూ. స్టైన్‌బెక్ గుర్రాన్ని ఉంచుకుని సాంకోని తీసేశాడు.

మరి ఇందులో నష్టం ఎవరికి? షేక్‌స్పియర్ నటుడు కల్పన అయితే నష్టపోయేవాడు లేడని నేనూ కొంతకాలం అనుకున్నాను. ఎవడో ఒకడు అలాంటివాడు ఈ దేశంలో ఉండే ఉంటాడు కదా! కానీ పుస్తకం చివరికి వచ్చేసరికి ఆ సమాధానం నిలవలేదు. 1960 నవంబరు 14న న్యూ ఆర్లీన్స్‌లో ఆరేళ్ళ నల్లపిల్ల రూబీ బ్రిడ్జెస్ అంతదాకా తెల్లపిల్లలే చదివిన బళ్ళో అడుగుపెట్టింది. ఫెడరల్ మార్షల్స్ వెంట నడిచారు. బడి బయట రోజూ తెల్లవాళ్ళ గుంపు చేరి ఆ పసిపిల్లని బూతులు తిట్టేది. ఆ గుంపులో ముందుండే ఆడవాళ్ళకి చీర్‌లీడర్లని పేరు. స్టైన్‌బెక్ స్వయంగా వెళ్ళి చూసి రాశాడు. పుస్తకం మొత్తం మీద బరువైన పేజీలు అవే. అక్కణ్ణించి బయల్దేరాక దారిలో ఎక్కించుకున్న మనుషులతో ఆయన మాటలూ ఉంటాయి. భయంతో నోరు విప్పని ముసలి నల్లవాడొకడు, ఆవేశపడే నల్ల కుర్రవాడొకడు, ద్వేషం వెళ్ళగక్కే తెల్లవాడొకడు. వాళ్ళు ఉన్నారా? ఆ మాటలన్నారా? నార్త్ డకోటాలో నటుణ్ణి సృష్టించినవాడు మిసిసిపీలో ముసలాయన్ని సృష్టించలేదని నమ్మకమేమిటి? చిన్న చోట చేసిన కల్పన, పెద్ద చోట సాక్ష్యాన్ని పల్చన చేస్తుంది. నటుడి అప్పు ఆ ముసలివాడు తీర్చాల్సి వచ్చింది. ఇదీ ఈ పుస్తకం మీద నా అసలు ఫిర్యాదు. అబద్ధం ఆడాడని కాదు. ఎవరి మాట నమ్మడం మనకి అవసరమో వాళ్ళ మాటే నమ్మలేకుండా చేశాడని.

ఇక్కడ మన ఏనుగుల వీరాస్వామయ్య గారు గుర్తుకొస్తారు. తెలుగులో యాత్రా రచన అంటే ఆయన దగ్గరే మొదలుపెట్టడం మన సదస్సుల్లో ఒక ఆనవాయితీ. నేనా ఆనవాయితీ కోసం ఎత్తడం లేదు. చెన్నపట్నం సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్‌గా పనిచేసిన ఆయన 1830 మే నెలలో కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. వచ్చేటప్పుడు కలకత్తా, పూరీ చూసుకుని, గంజాం, విశాఖపట్నం మీదుగా తూర్పు తీరం పట్టుకుని దిగారు. అంటే ఆయనదీ ఒక తీరప్రయాణమే. పల్లకీ బోయీలు, వంటవాళ్ళు, కుటుంబం, పరివారం అంతా కలిసి వందమంది దాకా వెంట ఉన్నారు. కాంపర్‌వ్యాన్‌కి బదులు డేరాలు. ఆ మజిలీలన్నీ మిత్రుడు శ్రీనివాస పిళ్ళెకి రాశారు. అది "కాశీయాత్ర చరిత్ర"గా 1838లో అచ్చయింది.

ఆయన ఊరి పేరు చెబుతారు, దూరం చెబుతారు, నీళ్ళెలా ఉన్నాయో, అంగళ్ళలో ఏం దొరుకుతాయో, వాగు ఎలా దాటాలో చెబుతారు. వెనకవచ్చేవాడికి పనికొస్తుందని ఆయన రాత. పరివారాన్ని దాచరు, దాచాలన్న ఊహే ఆయనకి రాదు. అంతమంది మధ్య ఉన్నా, చదువుతుంటే ఒక్క మనిషి చూపు స్పష్టంగా కనిపిస్తుంది. ఆ సందేహాలు ఆయనవే, ఆ విసుగు ఆయనదే, ఆ ఆశ్చర్యం ఆయనదే. నా మట్టుకు నాకు ఇది పెద్ద పాఠం. ఏకాంతం చూపులో ఉంటుంది, సీట్లో కాదు. వందమందితో నడిచినవాడు తన కళ్ళతో చూడగలిగాడు. ఒంటరిగా వెళ్ళినట్టు రాసుకున్న నేను స్టైన్‌బెక్ కళ్ళతో చూశాను.

మన డయాస్పోరా యాత్రా వ్యాసాలు సుమారుగా రెండు రకాలు. మొదటి రకం, అమ్మానాన్నల తరం వాళ్ళు అమెరికా వచ్చి వెళ్ళి రాసేవి. వాటిలో ఎవరింట్లో దిగారు, ఎవరు కారులో తిప్పారు, ఎవరు దోసెలు వేశారు అన్నీ పేర్లతో సహా ఉంటాయి. నయాగరా రెండు వాక్యాలు, ఆతిథ్యం రెండు పేజీలు. వాటిని చూసి మనం నవ్వుకున్నాం. రెండో రకం మనం రాసేవి. వాటిలో దోసెలుండవు, చుట్టాలుండరు. కొండ, సముద్రం, నేను. ఇది సాహిత్యం, అది డైరీ అనుకున్నాం. ఇప్పుడు చూస్తే మొదటి రకంలో కనీసం లెక్క సరిగ్గా ఉంది. దోసెలు వేసినావిడ పేరు అచ్చులో ఉంది. మనం "నేను" అని రాసినప్పుడు ఆ నేనుని మోసుకెళ్ళిన బోయీలెవరో ఎక్కడా లేదు.

ఇక నా లెక్క.

పదకొండు రాత్రులు. మొదటి మూడు రాత్రులు, ఫోర్ట్ స్టీవెన్స్, కేప్ లుకౌట్, బెవర్లీ బీచ్ పార్కుల్లో, మా ఆవిడ నాతోనే ఉంది. నాలుగో రోజు ఫ్లోరెన్స్‌లో సైయూస్లా నది వంతెన దగ్గర, అప్పట్లో యూజీన్‌లో చదువుకుంటున్న మా అబ్బాయి కారులో వచ్చి వాళ్ళమ్మని తీసుకెళ్ళాడు. సోమవారం ఆవిడకి ఆఫీసు. ఆ రాత్రి నేను ఒక్కణ్ణీ వ్యాన్లో పడుకున్నాను. మర్నాడు గోల్డ్ బీచ్ దగ్గర గాలీ వానా మొదలై, వ్యాను ఉయ్యాలలా ఊగుతుంటే భయపడి మోటెల్లో గది తీసుకున్నాను. నా వ్యాసంలో ఆ రాత్రి "సముద్రం తలుపు తట్టింది" అని ఉంది. తలుపు తట్టింది నిజానికి మోటెల్ వాళ్ళు, నేను డ్రైవింగ్ లైసెన్సు కౌంటర్ మీద మర్చిపోయి వస్తే. రెడ్‌వుడ్స్‌లో ఒక రాత్రి, హంబోల్ట్ దగ్గర ఒక రాత్రి ఒంటరిగా. తర్వాత మూడు రాత్రులు ఫ్రీమాంట్‌లో మిత్రుడింట్లో, సాంబారన్నం, పాత సినిమా పాటలు. చివరి రాత్రి మాంటెరేలో కాంపు దొరక్క మళ్ళీ మోటెల్. అంటే వ్యాన్లో ఒంటరిగా మూడు రాత్రులు. స్టైన్‌బెక్‌ని వెక్కిరించే అర్హత నాకు లేదు.

షేక్‌స్పియర్ నటుడు నాకూ ఒకడున్నాడు. ఒరెగాన్‌లో 1951 నుంచీ ఉన్న చట్టం ప్రకారం అప్పట్లో ఎవరి పెట్రోలు వాళ్ళు పోసుకోకూడదు, బంకు మనిషే వచ్చి పొయ్యాలి. 2023లో ఆ చట్టం మార్చారు. ఆ రోజుల్లో ఒంటరి ప్రయాణీకుడికి రోజూ తప్పనిసరిగా పలకరించే మనిషి ఆ బంకు మనిషే. నా వ్యాసంలో టిల్లమూక్ దగ్గర బంకులో ఒక ముసలాయన సముద్రం గురించీ, మనిషి తిరగడం గురించీ గొప్ప మాట ఒకటి అన్నాడు. చాలామంది ఆ వాక్యం బాగుందన్నారు. ఆయన నన్నడిగింది రెగ్యులరా, ప్రీమియమా అని మాత్రమే. మిగతాది నేను మాంటెరేలో కూచుని రాసుకున్నాను.

అన్నిటికన్నా పేరొచ్చిన పేరా, కేప్ లుకౌట్‌లో సూర్యాస్తమయం. ఇసుకలో దుంగ మీద కూచుని, డబ్బాలోంచి పులిహోర తింటూ, ఇంత పెద్ద సముద్రం ముందు ఒక మనిషి ఎంత చిన్నవాడో ఆలోచించడం. సంచిక ఇంటికొచ్చిన రోజు మా ఆవిడ వంటింట్లో నిలబడే చదివింది. బాగుందంది. పేజీ తిప్పింది. కాసేపాగి, "ఇంతకీ ఆ పులిహోర ఎవరు కలిపారు?" అంది. నేనేదో నసిగాను. వ్యాసమన్నాక కొంత కుదించాలి, పాఠకుడికి ఒక మూడ్ అన్నది ఉండాలి అన్నాను. ఆవిడ అంతా విని, "అది సరే, నేను ఎక్కడ దిగిపోయాను?" అని అడిగింది.

ఫ్లోరెన్స్‌లో అని జవాబు చెప్పబోయి ఆగిపోయాను. ఆవిడ అడుగుతున్నది ఆ సంగతి కాదు. వ్యాసంలో ఆవిడ ఎక్కనే లేదు.

స్టైన్‌బెక్ పుస్తకం గురించిన నిజాలు ఆ తర్వాతే చదివాను. ఎలెయిన్ ఆ పుస్తకం అచ్చులో చూసుకుని ఏమనుకుందో అన్న ఆలోచన నన్నిప్పటికీ వదల్లేదు. గట్టిగా ఏమీ అనకపోవచ్చు. ఆవిడ రచయిత భార్య, ఇలాంటివి తెలిసే ఉంటాయి. మా ఆవిడా గట్టిగా ఏమీ అనలేదు. గట్టిగా అని ఉంటే నేను మర్చిపోయి ఉండేవాణ్ణి.

కొన్నేళ్ళ తర్వాత ఇద్దరం సలీనాస్ వెళ్ళాం. అక్కడి నేషనల్ స్టైన్‌బెక్ సెంటర్‌లో అసలు రోసినాంటే ట్రక్కు ఉంది. ఎక్కనివ్వరు కానీ లోపలికి తొంగి చూడొచ్చు. నాలుగు పొయ్యిల స్టవ్వు, ఫ్రిజ్జు, బల్ల, మంచం. మా ఆవిడ ఎక్కువసేపు మంచం వైపు చూసింది. "ఇది ఇద్దరిదే" అంది. నేను పుస్తకం తెరిచాను. నిజమే, ట్రక్కు గురించి మొదట్లో చెప్పేటప్పుడు స్టైన్‌బెక్ డబుల్ బెడ్ అనే రాశాడు. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు చదివానో, ఆ మాట నా కంటికి ఆనలేదు. నా వ్యాసంలో పులిహోర డబ్బా మిగిలినట్టే ఆయన పుస్తకంలో ఆ మంచం మిగిలిపోయింది. మనిషిని తీసేసినంత తేలిగ్గా సామాను తీసెయ్యడం కుదరదు.

అందుకని ఇప్పుడు నేను యాత్రా రచన చదివేటప్పుడు ముందుగా సామాను చూస్తాను. ఎన్ని దిళ్ళున్నాయి, ఫొటోలో రచయిత కూడా ఉంటే ఆ ఫొటో ఎవరు తీశారు, బండి నడుపుతున్నప్పుడు కాఫీ అందించింది ఎవరు. ఇదేమీ పోలీసు దర్యాప్తు కాదు. ఆ మనుషులు కనిపిస్తే రచన ఇంకా బాగుంటుందేమోనన్న ఆశ. ఎలెయిన్ ఉన్న ఆ తీరం భాగం అచ్చయి ఉంటే, రెడ్‌వుడ్ చెట్ల కింద తన పాత దేశాన్ని రెండో భార్యా కాదు, మూడో భార్యకి చూపిస్తున్న దాదాపు అరవయ్యేళ్ళ మనిషి మనకి కనిపించేవాడు. ఊరు మారిపోయిందని ఆయన నిట్టూరిస్తే ఆవిడ ఏమని ఉండేదో వినేవాళ్ళం. ఇప్పుడున్న నిట్టూర్పు కన్నా అదే మంచి సాహిత్యం అని నా నమ్మకం. కల్పనకి అభ్యంతరం లేదు, నవల అని పేరు పెడితే చాలు. కథేతరం అని పేరు పెట్టుకున్నప్పుడు మాత్రం బండిలో ఎవరున్నారో చెప్పడం కనీస మర్యాద.

ఒరెగాన్‌లో ఒక మంచి సంగతి ఉంది. 1913లో గవర్నరు ఆస్వాల్డ్ వెస్ట్ హయాంలో అక్కడి తడి ఇసుకనంతా ప్రజల రహదారిగా ప్రకటించారు. అప్పట్లో బళ్ళు నిజంగానే ఇసుక మీద నడిచేవి. 1967లో ఇంకో చట్టం తెచ్చి పొడి ఇసుక మీద కూడా అందరికీ హక్కు కల్పించారు. ఆ తీరానికి ఎవరూ కంచె వెయ్యడానికి లేదు. నా వ్యాసంలో ఆ చట్టాన్ని తెగ పొగిడి, తర్వాతి పేరాలోనే ఆ ఇసుక మీంచి ఒక మనిషిని ఖాళీ చేయించాను.

ఈ వ్యాసం అచ్చుకి పంపే ముందు మా ఆవిడకి చదవమని ఇచ్చాను. రెండు సవరణలు చెప్పింది. పులిహోరలో ఇంగువ ఎక్కువైందని ఆ రోజు నేను సణిగిన సంగతి కూడా రాయమంది. రాశాను. రెండోది, నేను మొదటి ప్రతిలో ఆవిడ పేరు రాశాను, అది తీసెయ్యమంది. ఇన్నాళ్ళకి సరిదిద్దుతుంటే ఇదేమిటి అన్నాను.

"మీరు తీసేస్తే ఒకటి, నేను వద్దంటే ఒకటి" అంది.